జైలు గది నుంచి లెక్కల పుస్తకం దాకా: ఆర్. శివభోగం గారి జీవితం

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.కాం.)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా మహనీయుల జీవిత చరిత్రలు వస్తుంటాయి. అంబేడ్కర్, పూలే, సావిత్రీబాయి, జాషువా, అబ్దుల్ కలాం గార్ల గురించి మీరు చాలాసార్లు చదివే ఉంటారు. ఈసారి నేను మీలో చాలామంది విని ఉండని ఒక పేరు రాస్తున్నాను. ఆమె పేరు ఆర్. శివభోగం. మన దేశంలో మొట్టమొదటి మహిళా అకౌంటెంటు. సీఏ చదివేవాళ్ళకు బాగా తెలిసిన పేరు. మన హాస్టళ్ళలో మాత్రం ఆ పేరు వినపడదు, ఎందుకంటే మన హాస్టళ్ళ నుంచి సీఏ వైపు వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ.

మనలో ఇంటర్ సీఈసీ, డిగ్రీ బీకాం చదివేవాళ్ళు ఏటా ఉంటారు. తర్వాత ఏం చేస్తావని అడిగితే బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, డీఎస్సీ అని చెబుతాం. సొంతంగా ఒక ఆఫీసు తెరిచి పదిమంది లెక్కలు చూసే పని గురించి ఎవరూ చెప్పరు. అది షావుకార్ల ఇళ్ళ పిల్లల పని అని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దానికి కారణం కూడా ఉంది. లెక్కల వృత్తి అంటే ఒకరు తమ డబ్బు వివరమంతా ఇంకొకరి చేతికి ఇవ్వడం. ఊర్లో పలుకుబడి లేని ఇంటి పిల్లలను నమ్మి ఎవరిస్తారు అనే సంకోచం మన తల్లిదండ్రుల్లోనూ ఉంది, మనలోనూ ఉంది.

శివభోగం గారి ముందుకు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. ఆమెను నమ్మరాదని చెప్పినవాళ్ళు ఊరివాళ్ళు కాదు, అప్పటి ప్రభుత్వమే. దానికి ఆమె ఏ విధంగా జవాబిచ్చారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యం, చదువు

శివభోగం గారు 1907 జూలై 23న జన్మించారు. చదువంతా మద్రాసులో సాగింది. అప్పట్లో మన గోరంట్ల కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. అనంతపురం జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు కిందే ఉండేది. కాబట్టి ఆమె చదివిన ఊరు ఆనాడు మన తాత ముత్తాతలకు కూడా రాజధాని.

ఆమె లేడీ విల్లింగ్డన్ పాఠశాలలో, తర్వాత క్వీన్ మేరీస్ కళాశాలలో చదివారు. క్వీన్ మేరీస్ 1914లో మెరీనా తీరాన ప్రారంభమైంది. మద్రాసు నగరంలో ఆడపిల్లల కోసం పెట్టిన మొదటి కళాశాల అది. ఆ కాలంలో ఆడపిల్ల డిగ్రీ దాకా రావడమే గొప్ప. ఆమెకు స్ఫూర్తినిచ్చినవారు సిస్టర్ సుబ్బలక్ష్మి. ఈ సుబ్బలక్ష్మి గారు బాల వితంతువు. అయినా చదువు మానక 1911లో పట్టభద్రురాలయ్యారు. తనలాంటి బాల వితంతువుల కోసం మద్రాసులో వసతి గృహం నడిపి వాళ్ళకు చదువు చెప్పించారు. అంటే అది కూడా ఒక హాస్టలే. ఇంట్లో చోటు లేనివాళ్ళకు తిండి, నీడ ఇస్తే చదువు దానంతట అదే వస్తుందని నమ్మి నడిపిన హాస్టల్. ఇలాంటి గురువు ప్రభావంలో పెరిగిన శివభోగం గారు తన చదువు తన ఒక్కరికోసమే అనుకోలేదు.

ఉద్యమం, జైలు

గాంధీజీ పిలుపుతో దేశమంతా కదిలిన కాలం అది. మన హిందూపురం నుంచి కల్లూరు సుబ్బారావు గారు ఉద్యమంలోకి వెళ్ళి జైళ్ళ పాలయ్యారు. మద్రాసులో శివభోగం గారు కూడా స్వదేశీ ఉద్యమంలో పాల్గొన్నారు. ప్రభుత్వం ఆమెకు ఏడాది శిక్ష వేసి వెల్లూరు జైలుకు పంపింది.

వెల్లూరు జైలు మన తెలుగువారికి కూడా పరిచయమైన పేరే. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అదే జైల్లో ఉన్నారు. చదువులేని ఆడవాళ్ళు, చట్టం తెలియక శిక్షలు పడినవాళ్ళు ఆమెకు జైళ్ళలో కనిపించారు. బయటకు వచ్చాక ఆగిపోయిన చదువును మళ్ళీ మొదలుపెట్టి లాయరు అయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. జైలుకు వెళ్ళి వచ్చాక ఒకరు చట్టాన్ని, ఇంకొకరు లెక్కలను పట్టుకున్నారు. శివభోగం గారు అకౌంటెన్సీ వృత్తిలోకి వెళ్ళాలనే నిర్ణయం జైల్లో ఉండగానే తీసుకున్నారని అంటారు.

మనకు ఇది వింతగా అనిపించవచ్చు. ఉద్యమానికీ లెక్కలకూ ఏమి సంబంధం? కొంచెం ఆలోచిస్తే సంబంధం ఉందని తెలుస్తుంది. అప్పటి మన అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ తర్వాత మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్లో ఎవరి పేరు ఎన్ని రోజులు రాశారు, ఎంత కూలి ఇచ్చారు అని ఊరందరి ముందు చదివి వినిపించేవారు. నా చిన్నప్పుడు అలాంటి సభలో మా అమ్మ పేరు చదవడం విన్నాను. సంతకం పెట్టడం కూడా రాని మా అమ్మ, తను చేసిన రోజులు కాగితం మీద ఉన్నాయో లేవో వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. లెక్క చదవడం వచ్చినవాళ్ళ చేతిలో ఎంత బలం ఉంటుందో నాకు మొదటిసారి అక్కడే తెలిసింది. లెక్క రానివాళ్ళను మోసం చేయడం సులభం. అందుకే లెక్కలు నేర్చుకోవడం కూడా స్వేచ్ఛ కోసం చేసే పనిలో ఒక భాగమే.

ఆనాటి లెక్కల వృత్తి

ఆమె ఈ వృత్తిలోకి వచ్చేనాటికి మన దేశంలో సీఏ అనే పేరు లేదు. 1913 కంపెనీల చట్టంతోనే ఆడిటర్‌కు ఫలానా అర్హత ఉండాలన్న నియమం వచ్చింది. అంతకుముందు ఎవరైనా లెక్కలు తనిఖీ చేయవచ్చు. 1918లో బొంబాయి ప్రభుత్వం గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ అనే పరీక్ష పెట్టింది. దాన్నే జీడీఏ అనేవారు. 1932లో భారత ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చి, అర్హులైనవాళ్ళ పేర్లు ఒక రిజిస్టర్లో రాయడం మొదలుపెట్టింది. అందులో పేరు ఎక్కినవాళ్ళే రిజిస్టర్డ్ అకౌంటెంట్లు. పరీక్ష పాసైతే చాలదు. ఆ రిజిస్టర్లో పేరు ఉండాలి. పేరు లేకపోతే సంతకానికి విలువ లేదు. మన తెలుగువారిలో పి. బ్రహ్మయ్య గారు స్థాపించిన బ్రహ్మయ్య అండ్ కో కూడా ఆ 1932లోనే మొదలైంది.

ఈ వృత్తిలో ఆడవాళ్ళు ప్రపంచంలోనే అరుదు. అమెరికాలో క్రిస్టీన్ రాస్ అనే ఆమె 1899లో న్యూయార్కులో సర్టిఫికెట్ పొందారు. ఇంగ్లండులో మేరీ హారిస్ స్మిత్ అనే ఆమె 1891లో అక్కడి సీఏ సంస్థకు దరఖాస్తు పెడితే, ఆడవాళ్ళకు చోటు లేదని తిప్పి పంపారు. ఆమె సొంతంగా లెక్కల ఆఫీసు నడుపుతూనే అడుగుతూ వచ్చారు. 1919లో ఆడవాళ్ళ మీద అనర్హతలు తొలగిస్తూ అక్కడ చట్టం వచ్చాక, 1920లో సభ్యత్వం ఇచ్చారు. అప్పటికి ఆమెకు 75 ఏళ్ళు.

శివభోగం గారు మద్రాసులో సి.ఎస్. శాస్త్రి అనే ఆడిటర్ దగ్గర శిక్షణ పొందారు. జీడీఏ పూర్తి చేసి 1933లో దేశంలో మొదటి మహిళా అకౌంటెంటు అయ్యారు. అప్పుడు ఆమె వయసు 25, 26 ఏళ్ళు మాత్రమే. చదువు పుస్తకాలతో పూర్తవుతుంది గానీ, ఈ పని మాత్రం పనిచేసేవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే. ఇంతకుముందు ఏ ఆడపిల్లా కూర్చోని బల్ల దగ్గర ఆమె కూర్చుని పని నేర్చుకున్నారు. శిక్షణ ఇచ్చిన శాస్త్రి గారిని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మొదటిసారి తలుపు తట్టే మనిషికి లోపలి నుంచి తెరిచేవాళ్ళు కూడా ఒకరు కావాలి కదా.

ప్రభుత్వం అడ్డుపడింది

చదువు, శిక్షణ, పరీక్ష అన్నీ అయ్యాయి. కానీ పేరు రిజిస్టర్లో ఎక్కడం దగ్గర చిక్కు వచ్చింది. జైలుకు వెళ్ళివచ్చినవాళ్ళను అకౌంటెంట్లుగా నమోదు చేయకూడదని ఆనాటి నిబంధన. పైకి చూస్తే ఆ నిబంధన సబబుగానే కనిపిస్తుంది. దొంగతనమో మోసమో చేసి శిక్ష పడ్డవాడి చేతికి పదిమంది డబ్బు లెక్క ఎవరిస్తారు? కానీ ప్రభుత్వం దొంగనూ, దేశం కోసం జైలుకు వెళ్ళినవాళ్ళనూ ఒకే గాటన కట్టింది. ఆమె ఎవరి డబ్బూ ముట్టుకోలేదు. ఒక్క లెక్కా తారుమారు చేయలేదు. అయినా నమ్మదగని మనిషి అని ముద్ర పడింది.

ఇక్కడ ఆమె ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఎవరో ఒకరి ఆఫీసులో గుమాస్తాగా ఉండిపోయి, వేరేవాళ్ళ సంతకం కోసం తను లెక్కలు చేయడం. ఎంతోమంది తెలివైనవాళ్ళ బతుకు ఈ విధంగానే గడిచిపోతుంది. రెండోది, ఆ నిబంధననే ప్రశ్నించడం. ఆమె రెండోదే ఎంచుకున్నారు. కోర్టుకు వెళ్ళారు. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆమె ఈ గెలుపును పలుకుబడితో సాధించలేదు. సిఫారసు ఉత్తరంతో సాధించలేదు. అర్హతలన్నీ ముందు పూర్తి చేసి, అడ్డంగా ఉన్న ఒక్క నిబంధన మీద మాత్రమే వాదన పెట్టారు. మనకు స్కాలర్‌షిప్ రాలేదని, సర్టిఫికెట్ ఇవ్వలేదని ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన వైపు కాగితాలన్నీ సరిగా ఉంటే, అడ్డు ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఆమె వేసిన ప్రశ్నకు తర్వాతి చట్టంలో జవాబు కనిపిస్తుంది. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 8వ సెక్షన్లో, నైతికంగా నీచమైన నేరానికి గానీ, వృత్తిలో చేసిన తప్పుకు గానీ శిక్ష పడితేనే అనర్హత అని రాశారు. ఊరికే జైలుకు వెళ్ళారన్న మాట మీద ఎవరినీ బయట నిలబెట్టరు.

సొంత ఆఫీసు

1937లో శివభోగం గారు సొంతంగా ప్రాక్టీసు ప్రారంభించారు. డిగ్రీకీ ప్రాక్టీసుకూ చాలా దూరం ఉంది. ఉద్యోగంలో చేరితే ఒకటో తేదీకి జీతం వస్తుంది. ప్రాక్టీసులో మొదటి క్లయింటు వచ్చేదాకా అద్దె చేతి నుంచి కట్టాలి. పైగా ఈ వృత్తిలో ప్రకటనలు ఇచ్చుకుని, ఇల్లిల్లూ తిరిగి పని అడిగే వీలు లేదు. క్లయింట్ల కోసం వెంటపడటం, వృత్తిలో లేనివాళ్ళకు ఫీజులో వాటా ఇచ్చి పని తెప్పించుకోవడం వృత్తి దోషాలని 1949 చట్టం స్పష్టంగా చెప్పింది. అంటే ఒకరి పని బాగా చేస్తే వాళ్ళు ఇంకొకరికి చెప్పాలి. ఆ నోటి మాట మీదనే ఆఫీసు పెరగాలి.

ఆనాటి పని కష్టం మనం ఊహించలేం. కాలిక్యులేటరు లేదు, కంప్యూటరు లేదు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. మూడు వరుసలు పక్కపక్కన రాసి, పైలు కూడి 12తో భాగించి అణాల్లో కలపాలి, అణాలు కూడి 16తో భాగించి రూపాయల్లో కలపాలి. ఒక పేజీ కూడిక తప్పితే ఆ పుస్తకమంతా తిరగేయాలి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలు వచ్చేదాకా అంతే. తన ప్రాక్టీసులో మొదటి ఇరవై ఏళ్ళు ఆమె ఈ అణాపైసల్లోనే లెక్కలు చూశారు.

చిన్న ఆడిట్ ఆఫీసు ఎలా నడుస్తుందో మీకు చెప్పాలి. పీజీ సెలవుల్లో నేను హిందూపురంలో ఒక చిన్న ఆఫీసులో కొన్నాళ్ళు పని చూశాను. రెండు బల్లలు, ఒక బీరువా, రెండు కంప్యూటర్లు. చింతపండు వ్యాపారి, పట్టుగూళ్ళు కొనే ఆయన, శనక్కాయల మిల్లు, హార్డ్‌వేర్ అంగడి, లారీ యజమాని. ఎక్కువమంది ప్లాస్టిక్ సంచిలో బిల్లులు కుక్కి తెచ్చి బల్ల మీద కుమ్మరించి పోతారు. ముందు వాటిని తేదీల వారీగా పేర్చాలి. కొన్నవి ఒక పక్క, అమ్మినవి ఒక పక్క, ఖర్చులు ఒక పక్క. బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ప్రతి చెక్కునూ, ప్రతి జమనూ పుస్తకంతో సరిచూడాలి. మన పాత అంగళ్ళలో చిట్టా, ఆవర్జా అంటారే, ఆ రెండూ ఇక్కడ డే బుక్, లెడ్జరు. చిట్టాలో రోజువారీగా రాసిన ప్రతి పద్దూ ఆవర్జాలో ఆ మనిషి ఖాతాకు చేరాలి. చివరకు జమలన్నీ ఒక వైపు, ఖర్చులన్నీ ఒక వైపు కూడితే రెండూ సమానం కావాలి. అదే ట్రయల్ బ్యాలెన్స్. పది రూపాయలు తేడా వస్తే, పది రూపాయలే కదా అని జేబు నుంచి వేసి సరిచేయడానికి వీల్లేదు. ఆ పది వెనక పదివేల జమ ఒకటీ, తొమ్మిదివేల తొమ్మిది వందల తొంభై ఖర్చు ఒకటీ దాగి ఉండవచ్చు. ఎక్కడ తప్పిందో దొరికేదాకా వెతకాలి.

నేను గమనించిన ఇంకో విషయం ఉంది. ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు ఊర్లో ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి వ్యాపారం నష్టంలో ఉందో అంతా తెలుసు. ఒక్క మాట కూడా గడప దాటదు. ఆడిటర్ సంపాదనలో సగం ఈ నోరు కట్టుకోవడం వల్ల వచ్చేదే. ఇంకో సగం, కాదు అని చెప్పగలగడం వల్ల. లేని ఖర్చు రాయమని, ఉన్న అమ్మకం దాచమని అడిగే క్లయింట్లు ఎక్కడైనా ఉంటారు. వద్దంటే ఫీజు పోతుంది. సరేనంటే సంతకం విలువ పోతుంది. కొత్తగా ఆఫీసు పెట్టినవాళ్ళకు ఇది చాలా గట్టి పరీక్ష. శివభోగం గారి సంతకం మీద ఒకసారి ప్రభుత్వమే అనుమానం పెట్టింది కాబట్టి, ఆమెకు తప్పు చేసే వెసులుబాటు మిగతావాళ్ళ కంటే తక్కువ. 1937 నుంచి దాదాపు 30 ఏళ్ళపాటు ఆమె ఈ వృత్తిలో గౌరవంగా నిలబడ్డారు.

బాబాసాహెబ్‌కు ఎదురైన అనుభవం

ఇక్కడ మనందరికీ ఆరాధ్యులైన బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితంలోని ఒక ఘట్టం చెప్పక తప్పదు. ఆయన కొలంబియాలో అర్థశాస్త్రం చదివి 1917లో తిరిగి వచ్చారు. బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి ఇల్లు కూడా ఎవరూ ఇవ్వలేదు. బొంబాయి వచ్చి కుటుంబ పోషణకు ట్యూషన్లు చెప్పారు, లెక్కల పని చేశారు. పెట్టుబడుల గురించి సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ కూడా పెట్టారు. ఆయన అస్పృశ్యుడని తెలిశాక క్లయింట్లు రావడం మానేశారు. ఆ సంస్థ మూతపడింది. తర్వాత 1918లో బొంబాయిలోని సిడెన్‌హామ్ కామర్స్ కళాశాలలో ప్రొఫెసర్‌గా చేరారు. 1923లో రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం లండన్‌లో వచ్చింది. మన దేశపు డబ్బు గురించి అంత లోతుగా తెలిసిన మనిషి సలహాను, కులం చూసి వద్దనుకున్నారు.

ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూడండి. శివభోగం గారికి అడ్డుపడింది ఒక నిబంధన. నిబంధన మీద కోర్టుకు వెళ్ళవచ్చు. బాబాసాహెబ్‌కు అడ్డుపడింది క్లయింటు మనసు. తలుపు తెరుచుకుని లోపలికి రాని మనిషి మీద ఏ కోర్టులో కేసు వేస్తాం? శివభోగం గారు ఆడపిల్లగా, జైలుకు వెళ్ళిన మనిషిగా కష్టపడ్డారు, నిజమే. కానీ ఆమెకు నగరం ఉంది, కళాశాల చదువు ఉంది, కులం అడ్డుపడలేదు. ఈ తేడా దాచి, ఆమె గెలిచారు కాబట్టి మనమూ గెలుస్తాం అని రాయడం సరికాదు.

అయితే బాబాసాహెబ్ తర్వాత మన కోసం రాసిపెట్టింది కూడా ఉంది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 19వ అధికరణ ఏ వృత్తి అయినా చేసుకునే హక్కు ఇచ్చింది. మనసులు మారడానికి ఇంకా సమయం పట్టవచ్చు. కానీ సీఏ పరీక్ష రాసేటప్పుడు, రిజిస్టర్లో పేరు ఎక్కేటప్పుడు ఎవరూ మన ఇంటిపేరు అడగరు. ఆ రోజుల్లో బాబాసాహెబ్ చదువును పక్కకు పెట్టి కులాన్ని చూసినవాళ్ళకు, ఈ రోజు మనలాంటి పిల్లలు పెట్టే లెక్కల ఆఫీసే తగిన సమాధానం అవుతుందని నా నమ్మకం.

పదవులు, చివరి రోజులు

1949 జూలై 1న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రిజిస్టర్డ్ అకౌంటెంట్లు అందరూ చార్టర్డ్ అకౌంటెంట్లు అయ్యారు. అప్పుడు దేశం మొత్తం మీద సభ్యులు సుమారు 1,700 మంది. ఇప్పుడు 4 లక్షలు దాటారు. ఏటా జూలై 1న సీఏ దినోత్సవం జరుపుకునేది అందుకే. జీఎస్టీ కూడా 2017లో అదే తేదీన మొదలైంది.

ఈ సంస్థకు దక్షిణ భారత ప్రాంతీయ మండలి ఉంది. మన తెలుగు ప్రాంతం కూడా దాని కిందికే వస్తుంది. శివభోగం గారు 1955 నుంచి 1958 వరకు ఆ మండలి అధ్యక్షురాలిగా పనిచేశారు. ఒక ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆమే. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1956 నవంబరు 1న ఏర్పడినప్పుడు, మన ప్రాంతపు ఆడిటర్లందరికీ పెద్ద ఆమే అన్నమాట. ఒకప్పుడు రిజిస్టర్లో పేరు రాయడానికే వీల్లేదన్న మనిషిని, ఆ వృత్తివాళ్ళే తమ ముందు వరుసలో కూర్చోబెట్టుకున్నారు.

సీఏ ఫైనల్ మొదటి ప్రయత్నంలోనే పాసైన అమ్మాయిల్లో ఉత్తమ మార్కులు వచ్చినవారికి ఆమె పేరిట 1956లో ఒక బహుమతి ఏర్పాటైంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. నిరాడంబరంగా జీవించారు. 1966 జూన్ 14న కన్నుమూశారు. అప్పటికి 59 ఏళ్ళు నిండటానికి సుమారు నలభై రోజులు మాత్రమే తక్కువ.

మన దారి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2022 ఏప్రిల్ నుంచి మన గోరంట్ల శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వానలు ఎప్పుడు పడతాయో తెలియని నేల మనది. శనక్కాయలు వేస్తే పెట్టుబడి కూడా రాని ఏళ్ళు చూశాం. కాబట్టి మన పిల్లలు వానతో పనిలేని చదువు వెతుక్కోవాలి. పక్కనే పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం నుంచి 2019లో ఉత్పత్తి మొదలైంది. దాని చుట్టూ లారీలు, క్యాంటీన్లు, చిన్న చిన్న కాంట్రాక్టులు వచ్చాయి. వీళ్ళందరికీ నెలనెలా లెక్కలు రాసేవాళ్ళు కావాలి.

మన గోరంట్ల మండలంలోని పాలసముద్రంలోనే కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ ఉంది. దాన్ని నాసిన్ అంటారు. 2024 జనవరి 16న ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి అధికారులు పన్నుల లెక్కలు నేర్చుకోవడానికి మన మండలానికి వస్తున్నారు. మనం మాత్రం దాని గోడ పక్కన బస్సులో వెళుతూ అదేదో పెద్ద ఆఫీసు అనుకుంటున్నాం.

సీఏ చదవాలంటే ఇంటర్ తర్వాత ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ అయ్యాక అయితే కామర్స్ వాళ్ళు 55 శాతం, మిగతావాళ్ళు 60 శాతం మార్కులతో నేరుగా ఇంటర్మీడియట్ దశలో చేరవచ్చు. 2023 జూలైలో వచ్చిన కొత్త విధానం ప్రకారం ఆర్టికల్‌షిప్ రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఇచ్చే స్టయిపెండ్ తక్కువ. గది అద్దెకూ భోజనానికీ చాలకపోవచ్చు. పరీక్షలో పాసయ్యేవాళ్ళు కూడా తక్కువే, రెండు మూడుసార్లు రాయవలసి రావచ్చు. ఇంటి నుంచి డబ్బు రాని పిల్లలకు ఇది చిన్న కష్టం కాదు. ఇవన్నీ ముందే తెలిసి దిగాలి.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు చిన్న దారులు కూడా ఉన్నాయి. బీకాం డిగ్రీ ఉన్నవాళ్ళు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు చేసుకోవచ్చు. అందుకు సంబంధించిన పరీక్ష నిర్వహించే బాధ్యత నాసిన్ సంస్థదే. లెక్కలు కంప్యూటర్లో రాయడం నేర్చుకుని ఒక ఆఫీసులో పనిచేస్తూ, సాయంత్రాలు చదువుకుంటూ ముందుకు పోవచ్చు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఎవరిని అడగాలో, ఏ ఫారం నింపాలో చెప్పేవాళ్ళు నాకు ఇంట్లో లేరు. అందుకే ఇవన్నీ విడమరిచి రాస్తున్నాను. మీలో కామర్స్ చదివేవాళ్ళు నన్ను అడగడానికి మొహమాటపడవద్దు.

చివరగా ఒక చిన్న పని చెబుతాను. ఒక నోటు పుస్తకం తీసుకుని ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది రాయడం మొదలుపెట్టండి. ఇంటి నుంచి తెచ్చిన యాభై రూపాయలు, కొన్న పెన్ను, బస్సు చార్జీ, అన్నీ. నెలాఖరుకు చేతిలో ఉన్న డబ్బూ పుస్తకంలో మిగులూ సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడ తప్పిందో వెతకండి. మెస్ కమిటీలో ఉన్నవాళ్ళు బియ్యం, పప్పు, కూరగాయల లెక్క కూడా ఇలాగే రాసి నోటీసు బోర్డులో పెట్టండి. మన హాస్టల్ నుంచి ఒక అమ్మాయి శివభోగం గారి పేరిట ఉన్న ఆ బహుమతిని అందుకునే రోజు రావాలని, ఆ వార్త ఇదే సంచికలో అచ్చు కావాలని కోరుకుంటున్నాను.